మాంగో యను మాట

ఒక మాటకు అర్థము తెలిసికొనుట వేఱు; ఆ మాటను తెలిసికొనుట వేఱు. నిఘంటువు తెఱచి, వేలు పెట్టి వెదకి, ఎదుట నున్న అర్థమును కంఠస్థము చేసినచో మొదటి పని ముగియును. రెండవ పని అట్లు ముగియునది కాదు. ఆ మాట ఏ యింట పుట్టినదో, ఏ దారిని వచ్చినదో, ఎవరి నోట నెట్లు పలుకునో, ఏ మాటల ప్రక్కన కూర్చుండునో తెలిసిననాడే అది మన దగును. పెండ్లి సంబంధము చూచువారు పిల్లవాని పేరు విని యూరకొనరు గదా! వాని వంశమును, నడవడిని, స్నేహితులను విచారింతురు. మాటల విషయమునను అంతే. 2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము స్పానిష్ భాషలోని ఒకే యొక మాటను ఈ విధముగా విచారించితిమి. ఆ మాట ‘మాంగో’. దానివలన మాకు తెలిసిన సంగతులను సోదర విద్యార్థులకును, వారి తలిదండ్రులకును నివేదింప దలచి ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారికి పరభాషలు క్రొత్త కావు. తూర్పునకును దక్షిణమునకును పోయినచో అరవము, పడమటికి పోయినచో కన్నడము. తిరుపతి బస్సు నిలయములో పూలమ్ము పిల్ల మూడు నాలుగు భాషలలో బేరమాడగలదు. అయినను స్పానిష్ భాష మన సీమకు ఎట్లు వచ్చినదని చదువరులు అడుగవచ్చును. దానికి ప్రత్యుత్తరము అనంతపురమున నున్నది. స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1952లో భారతదేశమునకు వచ్చి, మొదట మహారాష్ట్రమున పనిచేసి, 1969లో కరవు సీమయైన అనంతపురము చేరి, 2009లో అచ్చటనే దేహము చాలించిరి. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మూలమున స్పెయినునుండి ఎందఱో ఆ యూరికి వచ్చి పోవుచుందురు. పల్లె పిల్లలకు విదేశ భాషలు నేర్పు పాఠశాలయు ఆ సంస్థ వారిది కలదు. మా చిన్నాయన కూతురు, మాకు అక్క, అచ్చట స్పానిష్ చదివినది. సుమారు 20 దేశములలో అధికార భాషయై, 50 కోట్లకు పైబడిన జనులు మాటలాడు ఆ భాషను మా యింట మొట్టమొదట పలికినది ఆమెయే.

ఆమె సెలవులకు మా తోటకు వచ్చినది జూన్ నెలలో. తోతాపురి కోతకు వచ్చిన కాలము. మా చెల్లెలు కొమ్మకు వ్రేలాడు కాయను చూపి, “అక్కా, దీనిని వారేమందురు?” అని యడుగగా, “మాంగో” అని యామె చెప్పెను. “ఇది ఇంగ్లీషు మాటయే గదా!” అని చెల్లెలు పెదవి విఱిచెను. అక్క నవ్వి, “ఇంగ్లీషువారిది కాదు, స్పెయినువారిది కాదు. రేపు దామలచెరువు సంతలో చెవి పెట్టి వినుము, ఎవరిదో నీకే తెలియును” అనెను.

మరునాడు దామలచెరువు మామిడి మండీకి పోయితిమి. వేలూరు వైపునుండి వచ్చిన వ్యాపారులు బండి బండికి తిరుగుచు, “మాంగాయ్ ఎన్న విలై?” అని అడుగుచుండిరి. మా చెల్లెలు అక్క చేయి గిల్లెను. నిజమే, ఆ మాట అదియే! అరవములో ‘మా’ అనగా మామిడి. ‘కాయ్’ అనగా మన కాయయే. రెండును కలిసి ‘మాంగాయ్’ అయినది. మలయాళదేశమున అది ‘మాంగ’. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు చేరిన పిమ్మట పోర్చుగీసువారు ఆ తీరమున మిరియములతో పాటు ఈ మాటను కూడ మూట గట్టుకొని ‘మాంగా’ అని పలికిరి. వారి నోటినుండి ఇంగ్లీషువారు గ్రహించి కడపటి యక్షరమును మార్చి ‘మ్యాంగో’ అనిరి. ఇంగ్లీషు మూలముగనే ఆ రూపము స్పానిష్ భాషకు వచ్చినదని 1713లో స్థాపింపబడిన స్పానిష్ రాజ పరిషత్తు వారి నిఘంటువు చెప్పుచున్నది. మన సరిహద్దు మాట లిస్బను చూచి, లండను చూచి, మాద్రిదు చేరి, అనంతపురము మీదుగా మరల మా తోటకే వచ్చినదన్న మాట. అంత దూరము తిరిగియు అది తన తోకను పోగొట్టుకొనలేదు. ‘మాంగో’లోని ‘గో’ మన ‘కాయ’ యొక్క అవశేషమే.

పండు కూడ ఇట్లే ప్రయాణము చేసినది. 1565 మొదలు 1815 వఱకు మనీలా నగరమునుండి మెక్సికో దేశపు అకపుల్కో రేవునకు స్పెయినువారి ఓడలు ఏటేట పసిఫిక్ మహాసముద్రమును దాటుచుండెను. ఆ మార్గముననే మామిడి ఫిలిప్పీను దీవులనుండి మెక్సికోకు చేరినది. నేటికిని ఆ దేశమున ఒక జాతి మామిడిని ‘మాంగో మనీలా’ యనియే పిలుతురు. స్పెయినులో దక్షిణపు తీరమున, మాలగా ప్రాంతమందు, మామిడి తోటలు కలవు. మాటలు ఒక ప్రక్కకే పోవునవి కావు. మనము మామిడి నిచ్చితిమి. బొత్తాము, సబ్బు, అల్మారా, తువాలు, అనాస అను మాటలు పోర్చుగీసువారి మూలమున మనకు వచ్చినవి. మన పండునకే వారి సేనాధిపతి అఫోన్సో ద అల్బుకర్క్ పేరు పెట్టి ‘అల్ఫాన్సో’ అనుచున్నారని చెప్పుదురు.

ఇక ఉచ్చారణము. ఇంగ్లీషు మ్యాంగోలో మొదటి యక్షరము నోరు సగము తెఱచి పలుకవలెను. స్పానిష్‌లో అట్లు కాదు. మన ‘మా’ వలెనే నోరు నిండుగ తెఱువవలెను. ఊనిక మొదటి యక్షరము మీదనే. ఆ భాషలో ప్రతి నామమును పుంలింగమో స్త్రీలింగమో కావలెను. మాంగో పుంలింగము, కావున ముందు ‘ఎల్’ చేర్చి ‘ఎల్ మాంగో’ అనవలెను. బహువచనము ‘లోస్ మాంగోస్’. పండునకును చెట్టునకును అదే మాట. పండినదానిని ‘మదూరో’ అందురు. పండనిదానిని ‘బెర్దె’ అందురు. ఈ బెర్దె అనగా ఆకుపచ్చ రంగు. మన పూర్వులును పచ్చ రంగునుబట్టియే గదా ‘పచ్చికాయ’ అనిరి! వేల మైళ్ల దూరమున నున్న రెండు జాతులవారు ఒకే కొమ్మను చూచి ఒకే విధముగా తలచుట మాకు మిక్కిలి ముచ్చట గొల్పెను. ఒక్క భేదము మాత్రము కలదు. మనకు కాయ వేఱు, పండు వేఱు. కాయ పప్పులోనికి, పండు విస్తరిలోనికి. స్పెయినువాడు బాగుగ మాగిన పండును నోట పెట్టుకొని కూడ, తనకు తెలియకయే, దానిని ‘మామిడికాయ’ అనుచున్నాడు!

ఇంతవఱకు కథ తిన్నగా నడచినది. రెండు దినముల తరువాత అక్క తన పాఠ్యపుస్తకము నొకదానిని మా ముందర పెట్టి, “ఎల్ మాంగో దె లా సార్తెన్” అను మాటలను చూపెను. సార్తెన్ అనగా పెనము. ‘దె లా’ అనగా ‘యొక్క’. “పెనము యొక్క మామిడికాయ” అని చెల్లెలు అర్థము చెప్పగా ఇల్లంతయు నవ్వెను. ఆ పిల్ల చిన్నబుచ్చుకొనక, “తెలిసిన అర్థము చెప్పితిని, తెలియనిది మీరు చెప్పుడు” అని గట్టిగా నడిగెను. ఆ ప్రశ్నయే మాకు రెండవ ద్వారమును తెఱచినది.

స్పానిష్‌లో మాంగో అను మాటలు రెండు కలవు. ఒకే మాటకు రెండర్థములు కావు; రెండు వేఱు మాటలు ఒకే వేషము ధరించినవి. నిఘంటువులో వానికి వేర్వేఱు స్థానములు కలవు. ఒకటి మన మామిడి. రెండవది ప్రాచీనమైన లాటిను వంశములోనిది. ‘మానుస్’, అనగా చేయి, అను మాటనుండి పుట్టినది. చేతితో పట్టుకొనునది గనుక పనిముట్టు పిడికి మాంగో అని పేరు. కత్తి పిడి, గరిటె కాడ, గొడ్డలి కామ, పెనము పిడి - ఇవన్నియు ‘మాంగో’లే. చొక్కా చేతిని ‘మాంగా’ అనుటయు ఆ వంశము వలననే.

దీనికి మనము ఆశ్చర్యపడ నక్కఱలేదు. తెలుగున పాలు అనగా క్షీరమును అగును, భాగమును అగును. నూరు అనగా సంఖ్యయు అగును, రోట నూరుటయు అగును. “పాలు పంచుకొనిరి” అన్నప్పుడు గిన్నెలు తెచ్చువాడు ఎవడును లేడు. ప్రక్కనున్న మాటయే అర్థమును చెప్పివేయును. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన గారు ప్రతి పద్యమునకును రామకథ యొకటి, భారతకథ యొకటి వచ్చునట్లు ‘రాఘవపాండవీయము’ అను కావ్యమునే రచించిరి. ఇంతటి విద్య పుట్టిన భాషలో పెరిగిన మనకు రెండు మాంగోలు భారము కావు. మదూరో, బెర్దె, రసము, తొక్క, టెంక అను మాటలు ప్రక్కనున్నచో పండు. కత్తి, పెనము, గొడ్డలి, చీపురు అను మాటలు ప్రక్కనున్నచో పిడి. అర్థము మాటలోపల ఒంటరిగా కూర్చుండదు; వాక్యములో చుట్టములతో కలిసి కాపురము చేయును. ఒక మాటను ఒంటిగ వల్లించుటకంటె మూడు వాక్యములలో పెట్టి నేర్చుకొనుట మేలని మేము అప్పుడు గ్రహించితిమి.

ఆ సాయంకాలము అక్క ఆ పెనము పిడితోనే యేర్పడిన స్పానిష్ జాతీయము నొకదానిని చెప్పెను: “తెనేర్ లా సార్తెన్ పోర్ ఎల్ మాంగో.” పెనమును పిడిపట్టి యుండుట అని దాని మాటల యర్థము, అధికారము చేతిలో నుండుట, ఎదుటివాడు తన మాట వినక తప్పని స్థితిలో నుండుట అని భావార్థము. మనము పగ్గములు చేతనుండుట అందుము. వారు పెనము పిడి చేతనుండుట అందురు. వంటయింటినుండి అవ్వ ఈ మాట విని, “నిజమే కదా! పిడి పట్టుకున్నోడికి చెయ్యి కాలదు, పెనం పట్టుకున్నోడికే కాలేది” అనెను. స్పానిష్ పండితుడు సైతము అంతకంటె చక్కగా వ్యాఖ్యానింపజాలడు.

నాయన అరుగు మీద కూర్చుండి యుండెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ సంవత్సరము తోతాపురి విరగ గాసినది. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఈ రకపు కాయ ముఖ్యముగ గుజ్జు కర్మాగారములకే పోవును. అచ్చట తొక్కయు టెంకయు తీసి, గుజ్జును కాచి, గాలి సోకని సంచులలో నింపి, పీపాలలో పెట్టి విదేశములకు పంపుదురు. బేనీషా పండువలె ఇంటింట కోసి తినునది కాకుండుటచే కర్మాగారము కొననిచో తోతాపురికి వేఱు గతి తక్కువ. ఆ వేసవిలో ధర పడిపోగా, కిలోకు కర్మాగారములవారు 8 రూపాయలును, తాము 4 రూపాయలును చేర్చి 12 రూపాయలు రైతునకు ముట్టవలెనని రాష్ట్ర ప్రభుత్వము వారు నిర్ణయించిరి. అయినను కర్మాగారముల గేట్ల యెదుట ట్రాక్టర్లు దినముల తరబడి వరుసగా నిలిచెను. మా కాయ రెండు రాత్రులు బండిమీదనే యుండెను. కోసిన కాయ మనుష్యులవలె వేచియుండజాలదు. వేచినకొలది మెత్తబడును, మెత్తబడినకొలది ధర తగ్గును. నాయన ఆ రెండు రాత్రులు బండి క్రిందనే పండుకొని, మూడవ దినమున వారిచ్చినది పుచ్చుకొని వచ్చెను. ఎంత వచ్చినదని అమ్మ అడుగలేదు. ఆయన చెప్పలేదు.

అట్టి నాయన ఆ సాయంకాలము మెల్లగా, “అయితే అమ్మా, ఆ దేశంలో కాయకూ కామకూ ఒకటే మాటా?” అని అక్క నడిగెను. “అవును, పెద్దనాయనా” అని యామె చెప్పెను. “ఇక్కడ మాత్రం వేరే వేరే. కాయ మనదే, కామ మాత్రం మనది గాదు” అని ఆయన లేచి తోటలోనికి పోయెను.

మేము ఆ మాటను ఎన్నటికిని మఱవలేము. ఒక పరభాషా పదమును అక్క నెలలకొలది చదివి నేర్చినది. మేము వారము దినములు విచారించి నేర్చితిమి. నాయన ఒక్క సాయంకాలములో దానిని వాడిపెట్టెను. వ్యాకరణము తెలియకున్నను, ఆ మాటకు తన బ్రతుకులో నున్న చోటు ఆయనకు తెలిసినది. మాటకు వాడుక యనగా ఇదియే యని మాకు తోచెను.

అక్క మఱొక సంగతియు చెప్పినది. అర్జెంటీనా దేశమున వీధి మాటలలో మాంగో అనగా డబ్బు, ముఖ్యముగ వారి నాణెమైన పెసో. “నో తెంగో ఉన్ మాంగో” అని యొకడు చెప్పినచో ‘నాయొద్ద ఒక మామిడికాయ లేదు’ అని కాదు; ‘నాయొద్ద దమ్మిడీ లేదు’ అని. ఇట్టి మాట నెచ్చట వాడవలెనో, ఎచ్చట వాడరాదో తెలియవలెను. స్నేహితులతో చెల్లును; ఉపాధ్యాయునకు వ్రాయు లేఖలో చెల్లదు; స్పెయినులో అందఱికి తెలియకపోవచ్చును. ఒకే భాష ఐనను దేశము మారినకొలది మాట తీరు మారును. కాయ, కామ, కాసు - ఈ మూడును ఒక్క మాటలో ఇమిడియుండుట చూచి మేము చాలసేపు ఆలోచించితిమి. కాయ పండించువాడు ఒకడు, కామ పట్టువాడు ఒకడు, కాసు లెక్కించువాడు మఱియొకడు. ఈ మూడును ఒక చేతిలో నుండునట్లు చేయు విద్య యేదో దానిని నేర్వవలెనని మాకు బుద్ధి పుట్టినది.

తోటను నఱికివేయుదమని ఆ సంవత్సరము నాయన ఒకటి రెండుసారులు అనెను. మా ప్రాంతమున కొందఱు నఱికిరి కూడ. ఆ చెట్లను మా తాత నాటెను. అమ్మ ఒప్పుకొనలేదు. కడపట కోతలైన పిమ్మట ఒక వరుస చెట్లకు మాత్రము పెద్ద కొమ్మలు నఱికించి, మోడులనుండి వచ్చిన క్రొత్త చిగుళ్లకు బేనీషా అంటు కట్టించిరి. పాత వేరు, క్రొత్త కొమ్మ. ఆ కొమ్మలు కాపునకు వచ్చుటకు రెండు మూడేండ్లు పట్టును. బేనీషా పండును కర్మాగారమునకే పోయవలెనన్న నిర్బంధము లేదు. తిరుపతి వీధిలో బుట్టపెట్టి అమ్ముకొనవచ్చును. అవ్వ మిగిలిన పచ్చికాయను ముక్కలు కోసి ఉప్పు చల్లి యెండబెట్టి ఒరుగులు చేసినది. ఇది గొప్ప యుపాయమని మేము చెప్పము. పిడి అంతయు చేతికి రాలేదు. అయినను వ్రేలు పట్టునంత చోటు దొరికినది.

అంటుకట్టుచుండగా చూచి మేము భాషను గుఱించియే తలచితిమి. పరభాషా పదము కూడ అంటు వంటిదే. మోడున గాయము చేయకయే, లోపల పసరు లేకయే, పైన కట్టిన పుల్ల నిలువదు. మన మాతృభాషలో వేరు లేనివానికి పరభాష అంటుకొనదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు 1820లో కడపకు వచ్చి, మన పండితుల ప్రక్కన కూర్చుండి, మన మాటలను ఒక్కొక్కటిగ వాడుకతో కూడ నేర్చి, 1852లో తెలుగు నిఘంటువును ప్రకటించిరి. పరాయివాడు మన మాటకు అంత మర్యాద చేసినప్పుడు, మనము పరాయివారి మాటకు కొంతయైన మర్యాద చేయవలదా?

కావున సోదర విద్యార్థులారా, ఇంగ్లీషు కానిండు, హిందీ కానిండు, మఱి యే భాష కానిండు, దినమునకు పది మాటలు వల్లించి పదునొకండవ దినమున మఱచుటకంటె, దినమునకు ఒక్క మాటను ఇంటికి పిలిచి కూర్చుండబెట్టుడు. దాని ఊరు పేరు అడుగుడు. నోరారా పలుకుడు. దానిని మూడు వాక్యములలో పెట్టి చూడుడు. పిమ్మట దానిని అమ్మకును, అవ్వకును, పొలమునుండి వచ్చిన నాయనకును చెప్పుడు. నిఘంటువులో లేని యర్థము వారియొద్ద దొరకును. తలిదండ్రులారా, మీ పిల్లలు వింతమాట యొకటి పలుకుచు ఇంటికి వచ్చినప్పుడు ‘ఇది మనకేల’ అని త్రోసివేయక ఒక్కసారి వినుడు. అది మీ తోటనుండి పోయి తిరిగి వచ్చిన మాటయే కావచ్చును.